అప్‌డేట్: తొలి క్రైస్తవ సమర్థన గ్రంథాల మూలాల గురించి నేను అడిగిన ప్రశ్న

రెండవ శతాబ్దపు క్రైస్తవులు రోమన్ చక్రవర్తులను ఉద్దేశించి రాసిన సమర్థన గ్రంథాలు వారే సృష్టించుకున్న ప్రక్రియా, లేక గ్రీకుల నుంచి తీసుకున్నదా అని కిందటి నెల అడిగాను. ఆ శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్ రాసిన మొదటి సమర్థనను ముందు చదవమని కొందరు సూచించారు; అనువాదంలో పూర్తిగా చదివాను.

ఇలాంటి సమర్థనకు గ్రీకు పేరైన ‘అపొలోగియా’ అంటే క్షమాపణ అనుకోవడమే నేను చేసిన పొరపాటు. అది న్యాయస్థానంలో నిందితుడు తన తరఫున వినిపించుకునే ప్రతివాదం, క్రీ.పూ. 399లో ఏథెన్స్‌లో సోక్రటీసు చేసినది అదే. జస్టిన్ కూడా, దేవతలను నమ్మని వాడన్న నింద సోక్రటీసు మీద పడినట్లే తమ మీదా పడిందని వాదిస్తాడు. అయితే సుమారు క్రీ.శ. 155లో రోమన్ చక్రవర్తి ఆంటోనినస్ పయస్‌కు సమర్పించిన ఆ రచన రూపంలో రోమన్ అర్జీని పోలి ఉంటుంది: ‘క్రైస్తవుడు’ అనే పేరును బట్టి కాక చేసిన పనులను విచారించి శిక్షించమని కోరుతూ, రోమన్ ఆసియా ప్రాంత (నేటి పశ్చిమ టర్కీ) పాలకుడు మినూసియస్ ఫుండానస్‌కు అంతకుముందు చక్రవర్తి హాడ్రియన్ పంపిన ఉత్తరువును చివర జతచేశాడు. కనుక రెండు సంప్రదాయాలూ అందులో కలిశాయని ఇప్పుడు భావిస్తున్నాను.

జస్టిన్ కంటే ముందువాడైన క్వాడ్రాటస్ రాసిన సమర్థనలో చర్చి చరిత్రకారుడు యూసేబియస్ ఉటంకించిన చిన్న భాగమే మిగిలింది. అలాంటి మరో సమర్థన రాసిన, ఏథెన్స్‌కు చెందిన అరిస్టైడీస్ కథ మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. ఆయన గ్రంథపు సిరియాక్ భాషా ప్రతి 1889లో సినాయ్ మఠంలో దొరికాక, దాని గ్రీకు పాఠం ‘బర్లామ్, జోసాఫత్’ అనే మధ్యయుగపు క్రైస్తవ కథలో ఒక పాత్ర ప్రసంగంగా శతాబ్దాలుగా దాగి ఉందని తేలింది. ఆ కథకు మూలం మన బుద్ధుడి జీవితగాథే!