డిగ్రీ పిల్లలకి పెద్ద మిషన్లు అవసరమా, బ్యూరెట్ చాలదా?

ఉప్పల్_లెక్చరర్:
మా కాలేజీకి గ్రాంటు వచ్చే సూచనలున్నాయి, నాలుగు రోజులుగా స్టాఫ్ రూమ్‌లో ఇదే గొడవ. ఒక వర్గం ఏఏఎస్ కొందాం అంటోంది, అదే అటామిక్ అబ్సార్ప్షన్, నీళ్లల్లో సీసం కాడ్మియం లాంటివి చూసేది. ఆ డబ్బుతో పీహెచ్ మీటర్లు, నీళ్లల్లో కరిగిన ఆక్సిజన్ చూసే డీఓ మీటర్లు, ఓ మంచి స్పెక్ట్రోఫోటోమీటర్ కొని పిల్లలందరి చేతుల్లో పెడదాం అనేది ఇంకో వర్గం, నేను ఇందులోనే. ఆ ఆక్సిజన్‌నే బ్యూరెట్‌తో చుక్కచుక్కగా కొలిచే వింక్లర్ టైట్రేషన్‌లో స్టార్చ్ వేశాక నీలం పోయే ఆ ఒక్క చుక్క దగ్గర ఇంకా చెయ్యి ఆగట్లేదు వీళ్లకి, లక్షల మిషన్ ఇచ్చి ఏం చెయ్యమంటారు చెప్పండి. కొన్నా, కాలేజీల్ని తనిఖీ చేసే నాక్ టీమ్ వచ్చినరోజు గుడ్డ తీసి సాయంత్రానికి మళ్లీ కప్పడానికే.

బోడుప్పల్_పోరడు:
సార్ తప్పుగ అనుకోకుర్రి, బ్యూరెట్‌తోని సీసం దొరుకుతదా? తాగే నీళ్లల్ల సీసానికి మన దేశం ప్రమాణాల సంస్థ బీఐఎస్ లిమిట్ లీటరుకు 0.01 మిల్లీగ్రాము. నీళ్ల కాఠిన్యం జూసే ఈడీటీఏ టైట్రేషన్ల మన బోరు నీళ్ల కాల్షియం, మెగ్నీషియమే వందల్ల వస్తది, గండ్ల ఈ సీసం ఏడ కనబడతది. పటాన్‌చెరు ముచ్చట యాద్ చేస్కోర్రి, 2007ల స్వీడనోళ్లు వచ్చి ఆడి మందుల కంపెనీల మురికినీళ్ల శుద్ధి ప్లాంటుకెళ్లి బయటికొచ్చే నీళ్లల్ల సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాంక ఉన్నదని రాసిర్రు. అణువుల బరువును బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ మిషన్ ఉండబట్టే గదా దొరికింది. వాగు మనది, లెక్క మాత్రం ఆడికెళ్లి రావాల్నా?

ఉప్పల్_లెక్చరర్:
వాళ్లు రీసెర్చర్లు తమ్ముడూ, సెకండియర్ పిల్లలు కాదు.

సర్వీస్_ఇంజినీర్:
మిషన్లు బాగుచేసేవాడిగా ఒక మాట. లోహాల్ని ఏఏఎస్ కంటే సూక్ష్మంగా పట్టే ఐసీపీ-ఎంఎస్ అని కూడా కొందరు కలలు కంటుంటారు, అది ఆర్గాన్ నిమిషానికి సుమారు 15 లీటర్లు తాగుతుంది, 7 క్యూబిక్ మీటర్ల సిలిండర్ పెడితే ఎనిమిది గంటలు కూడా రాదు. ఏఏఎస్ కొంచెం నయం, కానీ దానికీ ఒక్కో మూలకానికి ఒక్కో దీపం, పైగా మంటకి అసిటిలీన్ గ్యాస్, ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు (ఏఎంసీ). గ్రాంటులో మిషన్ వస్తుంది గానీ ఇవన్నీ ఏటేటా ఎవరిస్తారు? ఏనుగుని కొని అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టే ఉంటుంది చాలాచోట్ల.

నిమజ్జనం_బ్యాచ్:
నా సంగతి చెప్తాను. ఫైనలియర్ ప్రాజెక్టుకి హుస్సేన్ సాగర్‌లో నిమజ్జనానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నీళ్లు పట్టాం, ప్లాస్టిక్ డబ్బాల్లో, పీహెచ్ 2 కిందకి దిగేదాకా నైట్రిక్ యాసిడ్ పోసి, అంతా పద్ధతి ప్రకారమే. బయట ల్యాబ్‌కి పంపితే నెల తర్వాత పీడీఎఫ్ వచ్చింది, తర్వాత పట్టిన నీళ్లల్లో సీసం బోలెడు. విగ్రహాల రంగులే అని పోస్టర్ వేశాం, ప్రైజ్ కూడా కొట్టాం. ఆ తర్వాత పీహెచ్‌డీ చేస్తున్న మా సీనియర్ అక్క మిగిలిన నీళ్లు పట్టుకుని రమ్మని గ్రాఫైట్ ఫర్నేస్ ఏఏఎస్ (ఏఏఎస్‌లోనే అతి కొంచెం లోహాన్ని కూడా పట్టే రకం) ముందు కూర్చోబెట్టింది. ముందు బ్లాంక్ పెట్టు అంది, అంటే ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో మేం వాడిన కొలజాడీతోనే కొలిచిన యాసిడ్. చెరువు నీళ్లకి ఎంతొచ్చిందో దానికీ ఇంచుమించు అంతే వచ్చింది! యాసిడ్ సీసాలోంచి నేరుగా తీసి పెడితే ఏమీ లేదు. ఆ కొలజాడీ ఇచ్చిన లవణం ఏదో కనుక్కునే సాల్ట్ అనాలిసిస్ ప్రాక్టికల్‌లో లెడ్ నైట్రేట్‌కి (అంటే సీసం లవణానికి) వాడేదట, మొదటిసారికి వేరేది వాడాం, రెండోసారి చేతికి ఇది దొరికింది. అంత కథ.

ఉప్పల్_లెక్చరర్:
చూశారా, నేను చెప్పేదీ అదే కదమ్మా. కొలజాడీ కడగడం నేర్పడానికి ఏఏఎస్ ఎందుకు?

నిమజ్జనం_బ్యాచ్:
కడిగాం సార్, రెండుసార్లు. తళతళలాడుతోంది. మిషన్ ముందు కూర్చోకపోతే జన్మలో తెలిసేది కాదు. పీడీఎఫ్‌ని ఎవరు అనుమానిస్తారు?

బోడుప్పల్_పోరడు:
గిదీ మాటంటే. 👏

సర్వీస్_ఇంజినీర్:
అయితే కొనక్కర్లేదు, కూర్చోనిస్తే చాలు. 2020లో వచ్చిన ఐ-స్టెమ్ పోర్టల్‌లో ప్రభుత్వ డబ్బుతో కొన్న మిషన్లకి స్లాట్ బుక్ చేసుకోవచ్చు. తార్నాక, హబ్సిగూడ దారిలోనే ఐఐసీటీ, ఎన్‌జీఆర్ఐ, సీసీఎంబీ లాంటి ప్రభుత్వ రీసెర్చ్ సంస్థలన్నీ ఉన్నాయి, మీ కాలేజీకి బస్సు దూరం. శాంపిల్ ఒక్కటే పంపకుండా వెనకాల ఇద్దరు పిల్లల్ని కూడా రానిస్తారా అని అడగండి.

ఉప్పల్_లెక్చరర్:
అడిగి చూస్తా. కొనే విషయంలో మాత్రం నా మాట మారలేదు. రేపు పొద్దున్నే సాల్ట్ అనాలిసిస్ గాజుసామానుకి ఎర్ర టేపు వేయించి వేరే బీరువాలో పెట్టిస్తున్నా, అది మాత్రం మీవల్లే. ఇంతకీ ఆ ప్రైజ్ ఏం చేశావమ్మా?

నిమజ్జనం_బ్యాచ్:
హెచ్‌ఓడీకి చెప్పాం సార్, ఆయన నవ్వి వదిలేశారు. సర్టిఫికెట్ హాల్లో గోడకే ఉంది, తీసేద్దామంటే అమ్మ ఒప్పుకోవట్లేదు.