మధ్యాహ్నం పూట నలుగురు స్నేహితురాళ్లం కలిసి చేసుకునే పని ఏదైనా చెప్పండి, ఖర్చు తక్కువలో

ప్రశ్న: సామర్లకోట టీచరమ్మ

అందరికీ నమస్కారం. మేం నలుగురం సామర్లకోటలో ఒకే ప్రైవేటు స్కూల్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, ఒకరి తర్వాత ఒకరం రిటైరయ్యాం. ఇళ్లు కూడా నడిచి వెళ్లే దూరంలోనే ఉన్నాయి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నం బాక్సులు నలుగురం కలిసే విప్పేవాళ్లం. ఇప్పుడు పండక్కో పేరంటానికో తప్ప కలవడం లేదు.

మాలో ఒకావిడ, తెలుగు టీచరు, మొన్న ఆషాఢంలో భర్తను పోగొట్టుకుంది. పిల్లలిద్దరూ దూరాన ఉన్నారు. మేం వెళ్తే కూర్చోబెట్టి కాఫీ ఇస్తుంది, ఆ తర్వాత మాటలు సాగవు. ఏం మొదలుపెట్టినా చివరికి ఆసుపత్రి రోజుల దగ్గరికే వెళ్లి ఆగుతుంది. పరామర్శకి వెళ్లినట్టు కాకుండా, చేతిలో ఏదో పని పెట్టుకుని ఓ రెండు గంటలు కలిసి కూర్చుంటే తనకి బాగుంటుందని నా ఆలోచన. నాకూ మధ్యాహ్నాలు గడవడం లేదు.

డబ్బు సంగతి ముందే చెప్తాను. పీఎఫ్ వాళ్లిచ్చే ఈపీఎస్ పెన్షన్ నెలకి కనీసం 1000 రూపాయలని 2014లో పెట్టారు కదా, మా ముగ్గురికీ దానికి కాస్త పైన వస్తుంది, అంతే. ఇంకొకావిడకి నెలనెలా ఇంటికి తెచ్చిచ్చే 4000 పింఛనే ఆధారం. అందుకని నెలకి మనిషికి 50 రూపాయలు మించి పెట్టలేం. ఒకరికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఒకరికి పొద్దున లేస్తే వేళ్లు బిగుసుకుపోతాయి, మధ్యాహ్నానికి సర్దుకుంటాయి.

మా దగ్గర ఉన్నవి ఏమిటంటే బీరువాల నిండా నూలు చీరలు. ఉద్యోగంలో రోజూ గంజిపెట్టిన నూలు చీరే కట్టాం. పాత పేపర్లు కూడా గుట్టలున్నాయి. యూట్యూబులో చూస్తే రెజిన్, గ్లూ గన్, రకరకాల రంగులు, అన్నీ కొనాల్సినవే చూపిస్తున్నారు. మీ ఊళ్లలో ఎవరైనా ఇలా కూర్చుని చేసుకుంటుంటే చెప్పండి. అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయా అన్నది కూడా ఒకావిడ అడగమంది.

జవాబు: విజయనగరం సిస్టర్

టీచరమ్మా, నూలు చీరలున్నాయన్నారు, ఇంక వేరే ఆలోచన పెట్టుకోకండి. బొంత కుట్టండి. నేను ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. మా వీధిలో కొందరం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా వరండాలో చాప వేసుకుని ఇదే పని చేస్తాం.

బొంతే ఎందుకంటే, అల్లికలో లెక్క ఉంటుంది. ఎన్ని గొలుసులు అల్లాం, ఎక్కడ మలుపు తిప్పాం అని మనసులో పెట్టుకోవాలి. పక్కన ఎవరైనా మాట కలిపితే లెక్క పోతుంది, అందుకే అల్లేవాళ్లు ఊఁ కొడతారు తప్ప మాట్లాడరు. బొంతకి లెక్క లేదు. చెయ్యి దాని దారిన అది పోతుంటుంది. పైగా అందరి చూపూ గుడ్డ మీదే ఉంటుంది. మొహం చూసి చెప్పలేని మాట సూది వైపు చూస్తూ చెప్పేస్తారు, వార్డులోనూ ఇంతే చూశాను. మా గుంపులో ఒకావిడ ఏడాదిగా ఎవరికీ చెప్పని కొడుకు సంగతి ఒక వరస కుట్టేలోపు మొత్తం చెప్పి, దారం తెంపి, "రవ్వ వేయించుకోవాలి" అని లేచి వెళ్లింది. మేం ఎవ్వరం ఏమీ అనలేదు. మర్నాడు అందరికంటే ముందు వచ్చి కూర్చుంది.

ఎలాగంటే, చీర ఆరు గజాలు, అంటే 18 అడుగులు. మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడుగు, నాలుగడుగులకి కాస్త తక్కువ వెడల్పు వస్తుంది. మంచానికి సరిపోతుంది. అలాంటివి రెండు చీరలు ఒకదాని మీద ఒకటి పరిస్తే ఆరు పొరలు, మన చలికి చాలు. ముందు చీరలు వేడినీళ్లలో నానబెట్టి గంజి పూర్తిగా వదిలించండి. గంజి ఉంటే సూది దిగదు, వేళ్లు నొప్పి. పాలిస్టర్ కలిసినవి వద్దు, జారిపోతాయి, పొరలు ఒకచోట నిలవవు. నేల మీద పరిచి నాలుగు మూలలా బరువులు పెట్టి, మధ్య నుంచి అంచులకి అరచేత్తో నిమరండి. ముడత ఒక్కటి లోపల ఉండిపోయినా ఒంటికి తెలుస్తుంది. తర్వాత జానెడు ఎడంగా పొడుగు కచ్చా కుట్టు వేసేస్తే ఇక కదలదు.

అప్పుడు నలుగురూ నాలుగు అంచుల దగ్గర కూర్చుని లోపలికి వరసలు కుట్టుకుంటూ రండి. వరసకీ వరసకీ రెండు వేళ్ల ఎడం, బియ్యపు గింజంత కుట్టు. దారం మూరన్నర మించి తీసుకోకండి, చిక్కుపడుతుంది. కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే ముడిపడకుండా జారుతుంది. శుక్లాల ఆపరేషన్ అయిన ఆవిడకి సూదిలో దారం ఎక్కించడమే కష్టం. చూపు బాగున్నవాళ్లు కూర్చోగానే ఓ పది సూదులకి దారం ఎక్కించి గుడ్డకి గుచ్చి పెట్టేయండి, రెండు గంటలూ వాటితో వెళ్లిపోతుంది. వేళ్లు బిగుసుకునే ఆవిడకి కచ్చా కుట్టు, కత్తిరింపు ఇవ్వండి. దారం రీళ్లు, సూదులు కలిపి 100 రూపాయల్లో వస్తాయి.

ఇంకో మాట. మీ తెలుగు టీచరుగారిని మీ ఇంటికి పిలవకండి, ఆమె ఇంట్లోనే కూర్చోండి. ఏడాది తిరగకుండా ఇంకొకరి గడప తొక్కకూడదని కొన్ని ఇళ్లలో ఇప్పటికీ పాటిస్తారు, పిలిస్తే ఇబ్బంది పడుతుంది. ఆమె ఇంట్లో అయితే మీరు వచ్చే వేళకి హాలు ఊడవాలి, చాప వెయ్యాలి, పాలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆ పనులు ఆమెకి కావాలిప్పుడు. బొంత మడిచి తీసుకుపోకండి, ఆమె ఇంట్లోనే వదిలి రండి. రాత్రి నిద్ర పట్టనప్పుడు నాలుగు కుట్లు వేసుకుంటుంది.

మొదటిది మాత్రం మంచానికి సరిపడేది మొదలుపెట్టకండి. పసిపిల్ల బొంత కుట్టండి. గజం చొప్పున కత్తిరిస్తే ఒక్క చీరలో ఆరు ముక్కలొస్తాయి, నాలుగైదు పొరలు చాలు. తొందరగా అయిపోతుంది, చేతిలోకి తీసుకుని చూసుకుంటే మళ్లీ కుట్టాలనిపిస్తుంది. కాన్పుకి వచ్చేవాళ్లు బిడ్డకి కొత్త గుడ్డ తేరు, అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ చీర ముక్కే తెస్తారు. మీ నలుగురిలో ఎవరికో ఒకరికి మనవలు ఉండే ఉంటారు.

జవాబు: నరసాపురం అమ్మాయి

సిస్టర్ గారు అల్లిక గురించి చెప్పింది నిజం. మాది నరసాపురం దగ్గర పల్లె, మా అమ్మ, పిన్ని, వీధి వీధంతా లేసు అల్లినవాళ్లే. స్కాట్లాండ్ మిషనరీలు వచ్చి నేర్పిన పని, 19వ శతాబ్దం నుంచీ మా ఆడవాళ్ల చేతుల్లో ఉంది. అమ్మ అరుగు మీద పదిమందితో కూర్చునేది కానీ, వ్యాపారి ఇచ్చిన దారం ఆ వారానికి పూర్తి చెయ్యాలని ఒకటే టెన్షన్. కళ్లు అక్కడే పోయాయి.

అమ్మకం అడిగారు కాబట్టి చెప్తున్నాను టీచరుగారూ, అమ్మకండి. నలుగురు కుట్టిన బొంతకి ధర కట్టగానే ఎవరు ఎన్ని వరసలు కుట్టారన్న లెక్క వస్తుంది. స్నేహం కోసం మొదలుపెట్టిన పనిలోకి ఆ లెక్క రానివ్వకండి. ఎవరికైనా ఇవ్వాలనిపిస్తే ఊరికే ఇచ్చేయండి.

జవాబు: ఖరగ్‌పూర్ నుంచి

నమస్తే అక్కా. మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వేలో పని కోసం శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి వచ్చారు. మాలాంటి తెలుగువాళ్లు ఈ ఊళ్లో చాలామంది. మావారు రైల్వేలోనే రిటైరయ్యారు. పక్కింటి బెంగాలీ వదిన, నేను పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ ఒకే గోడకి అటూ ఇటూ ఉన్నాం. వాళ్లూ పాత చీరలు పొరలు వేసి కుడతారు, కాంతా అంటారు. మన బొంతలో వరసలు నిటారుగా పోతే, వాళ్లు చేపలు, తామరపూలు కుట్టులోనే తీసుకొస్తారు.

మీకు పనికొచ్చేది ఒకటి ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. పాతకాలంలో వాళ్లు రంగు దారం కొనేవారు కాదు. చీర అంచులో రంగు పోగులు ఉంటాయి కదా, వాటిని లాగి దాంతోనే కుట్టేవారు. అంచుని నాలుగు వేళ్ల వెడల్పున కత్తిరించి, నీళ్లు చల్లి, పక్కనుంచి ఒక్కో పోగూ నెమ్మదిగా లాగండి. ఎండిన గుడ్డలో తెగిపోతుంది, తడిగా ఉంటే మూరెడు వస్తుంది. ఒక పోగు బలం చాలదు, మూడు నాలుగు కలిపి పురి పెట్టాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పురి తిప్పడం వేళ్లు బిగుసుకునే ఆవిడకి మంచి కసరత్తు కూడా, నొప్పి లేనంత వరకే చెయ్యమనండి. కచ్చా కుట్టుకి, మధ్య వరసలకి ఈ దారం చాలు. చుట్టూ అంచు కుట్టు మాత్రం కొన్న దారంతోనే వెయ్యండి.

మా వదిన మోకాళ్లతో ఇప్పుడు మెట్లు ఎక్కలేదు. నేనే వెళ్తాను. ఆవిడ తెలుగులో అడుగుతుంది, నేను బెంగాలీలో చెప్తాను. ఆవిడ పోగులు లాగి ఇస్తుంది, నేను కుడతాను. మా అమ్మాయి వీడియో కాల్ చేస్తే ముందు "అత్త ఏదీ" అని అడుగుతుంది.

జవాబు: గుంటూరు డ్రైవరు

అమ్మా, పాత పేపర్లు కూడా ఉన్నాయన్నారు కాబట్టి రాస్తున్నాను. ఆర్టీసీలో బస్సు తోలి రిటైరయ్యాను. కరెంటు ఆఫీసులో లైన్‌మేన్‌గా చేసిన మిత్రుడొకరు మా పక్క వీధి. ఇద్దరం కలిసి కాగితం గుజ్జుతో బుట్టలు చేస్తాం. మా అమ్మ చేసేది, చిన్నప్పుడు పక్కన కూర్చుని చూసిందే.

పేపర్ చింపి బకెట్లో మూడు రోజులు నానెయ్యండి, రోజూ నీళ్లు మార్చండి. మెంతులు గుప్పెడు ముందురాత్రి నానబెట్టి మెత్తగా రుబ్బండి. గుజ్జు గట్టిగా పిండి రోట్లో దంచి, మెంతి ముద్ద కలిపి బాగా పిసకాలి. మెంతుల జిగురే దాన్ని పట్టి ఉంచేది. గిన్నె బోర్లించి, తడిగుడ్డ కప్పి, దాని మీద వేలెడు మందాన గుజ్జు అద్దుకుంటూ రండి. ఒకరోజు నీడలో ఆరాక ఎండలో పెట్టండి, లేకపోతే పగుళ్లొస్తాయి. గట్టిపడ్డాక గిన్నె తీసేసి లోపలి వైపు కూడా ఎండబెట్టండి.

పైన అతికించడానికి చీర ముక్కలు, చింతగింజల జిగురు. గింజలు వేయించి, నానబెట్టి, నల్లపొట్టు తీసి పొడి కొట్టి నీళ్లలో ఉడికిస్తే వస్తుంది. కొండపల్లి బొమ్మలవాళ్లు తెల్ల పొణికి చెక్క ముక్కలు అతికించేదీ చింతగింజల పొడి, చెక్కపొట్టు కలిపిన మక్కుతోనే, దాని పట్టు అలాంటిది. ఎండుమిర్చి, వెల్లుల్లి, పప్పులు పోసుకోవచ్చు. నీళ్లు తగలనివ్వకండి. వానాకాలం మాత్రం వద్దు, బూజు పడుతుంది. సంక్రాంతి దాటాక మొదలుపెడితే ఎండ చాలినంత ఉంటుంది.

సిస్టరు గారు మాటల గురించి రాశారు. మా వాడికి చెవులు బాగా తగ్గాయి. నలుగురిలో కూర్చుంటే ఏం వినపడక వాడికి చికాకు, అందుకే పార్కుకి రావడం మానేశాడు. గుజ్జు పిసికేటప్పుడు మాట అక్కర్లేదు. పలచగా ఉంటే వాడు నా చెయ్యి తోసేసి ఇంకాస్త అద్దుతాడు. మా ఆవిడ పోయాక వంట కూడా నేర్పింది వాడే. మగవాళ్లు ఉంటే వాళ్లనీ కూర్చోబెట్టండమ్మా, ఇంట్లో టీవీ ముందు ఒక్కళ్లే ఉంటున్నారు చాలామంది.

సామర్లకోట టీచరమ్మ

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. జవాబులన్నీ మా ముగ్గురం కలిసి చదివి, నిన్న తెలుగు టీచరు ఇంటికే వెళ్లాం. బొంత అనగానే "అంచు ఎవరు కుడతారు, నా కుట్టు వంకర" అంది. వంకర పోయినా ఫర్వాలేదన్నాం. లోపలికి వెళ్లి ఓ అరగంట బీరువా సర్దింది. వాళ్ల కోడలికి ఇప్పుడు ఏడో నెల. నీలం వెంకటగిరి చీర తెచ్చి ముందు పెట్టింది, పదో తరగతి ఫేర్‌వెల్‌కి కట్టుకున్నదట, మెత్తగా నలిగి ఉంది. అమ్మే ఆలోచన మానుకున్నాం. డ్రైవరు గారూ, మీ బుట్టలు సంక్రాంతి తర్వాత. మా మ్యాథ్స్ టీచరు భర్త ఇప్పటినుంచే పేపర్లు కట్ట కడుతున్నారు.

సిస్టర్ గారూ, ఆ చీరకి సన్నని జరీ అంచు ఉంది. పసిపిల్లకి అలాగే ఉంచెయ్యొచ్చా? ముడులు ఎటువైపు రావాలి?

విజయనగరం సిస్టర్

జరీ తీసెయ్యండమ్మా, గుచ్చుకుంటుంది. ఆ అంచుని చేతిసంచికి పట్టీలుగా వేసుకోవచ్చు. ముడి పైకీ కిందకీ రాకూడదు, రెండు పొరల మధ్యకి లాగి దాచెయ్యండి. పసిపిల్ల బొంతకి కుట్టు ఇంకా చిన్నదిగా, బిగువుగా ఉండాలి. వదులు దారంలో బిడ్డ వేలు చిక్కుకుంటే మెలిపడి రక్తం ఆగిపోతుంది, వార్డులో చూశాను, అందుకే ఇంతగా చెప్తున్నాను. ఉతికాక ప్రతిసారీ చెయ్యి పెట్టి తడిమి, లేచిన దారం ఉంటే కత్తిరించమని కోడలికి చెప్పండి. కింద పరవడానికే వాడమనండి, మొహం దాకా కప్పొద్దు. నీలం చీర మొదటిసారి విడిగా ఉప్పునీళ్లలో నానబెట్టి చూడండి, రంగు దిగితే మధ్య పొరలకి పెట్టుకుని పైన తెల్లటిది ఏదైనా వెయ్యండి.