మెగామెక్: కొండలున్న మ్యాప్‌లో బరువైన మెక్‌లను ఎలా దాటించాలి?

గుట్టదాటు

అందరికీ నమస్కారం. మెగామెక్‌లో (బ్యాటిల్‌టెక్ బోర్డ్ గేమ్‌కి కంప్యూటర్ రూపం) నాలుగు మెక్‌లతో (పైలట్ నడిపే భారీ యుద్ధ రోబోలు) ఆడుతున్నాను: అట్లాస్ ఏఎస్7-డి, హంచ్‌బ్యాక్ 4జి, కాటపుల్ట్ సి1, గ్రిఫిన్ 1ఎన్. మధ్యలో అడ్డంగా ఒక గుట్ట, అవతల శత్రువు. నేరుగా ఎక్కితే హెక్స్‌ల (మ్యాప్‌లోని ఆరు పక్కల గళ్లు) ఎత్తులు వరసగా 0, 2, 4, 3, 1, 0. ఎడమ పక్కన ఒక కనుమ ఉంది, అక్కడ 0, 1, 2, 2, 1, 0. రెండు దారులూ ఐదేసి హెక్స్‌లే. చెట్లు, నీళ్లు ఏమీ లేవు.

నాకు అర్థం కానివి ఇవి:

హంచ్‌బ్యాక్‌ని పరుగెత్తించినా రెండు హెక్స్‌లు దాటి కదలడం లేదు. శిఖరం మీద నిలబడిపోతోంది, అక్కడ అందరూ దాన్నే కొడుతున్నారు.

వాలు మీద వెనక్కి నడిపిద్దామంటే గేమ్ ఒప్పుకోవడం లేదు.

గ్రిఫిన్ జంప్ చేసి కాల్చిన మరుసటి టర్న్‌లో నెమ్మదిస్తోంది. జంప్ జెట్‌లు పాడవలేదు, కాళ్లకు దెబ్బ తగల్లేదు.

అట్లాస్‌ని అసలు ఈ గుట్ట ఎక్కించాలా వద్దా?

హెక్స్‌లెక్క

ముందు దూరం లెక్క పక్కన పెట్టి ఖర్చు లెక్క చూడండి. ఖాళీ హెక్స్‌లో అడుగుపెట్టడానికి 1 కదలిక పాయింట్. ఒక లెవెల్ తేడా ఉంటే దానిమీద ఇంకో 1, రెండు లెవెల్స్ అయితే ఇంకో 2. మూడు లెవెల్స్ తేడా ఉన్న హెక్స్‌లోకి మెక్ నడిచి వెళ్లలేదు. చాలామంది మర్చిపోయేది ఒకటుంది: దిగడానికీ అంతే ఖర్చు. మెక్ ముఖం ఒక్కో పక్క తిప్పడానికి మళ్లీ 1.

హంచ్‌బ్యాక్‌కి ఒక టర్న్‌లో నడక 4 పాయింట్లు, పరుగు 6. 0 నుంచి 2కి 3 పాయింట్లు, 2 నుంచి 4కి 3 పాయింట్లు. ఆరూ అయిపోయాయి, రెండు హెక్స్‌ల దగ్గర ఆగింది. గేమ్ తప్పేమీ చేయడం లేదు. పైగా రెండు హెక్స్‌లే కదిలింది కాబట్టి దాన్ని కొట్టేవాడికి కదలిక వల్ల అదనపు కష్టం సున్నా. మీరు మాత్రం పరుగెత్తినందుకు మీ గురిలో +2 మోస్తున్నారు (ఈ అంకె ఎంత పెరిగితే తగలడం అంత కష్టం). అందరికీ కనపడే చోట అన్నిటికంటే చెడ్డ బేరం అది.

ఇప్పుడు రెండు దారులూ మొత్తం కట్టి చూడండి. శిఖరం మీదుగా 3+3+2+3+2, అంటే 13. కనుమలో 2+2+1+2+2, అంటే 9. ఐదు హెక్స్‌లే అయినా 4 పాయింట్ల తేడా ఉంది.

హంచ్‌బ్యాక్ కనుమలో మొదటి టర్న్‌లో పరుగెత్తితే 0-1-2-2 వరకు 5 పాయింట్లు. మిగిలిన 1తో ముఖం తిప్పుకోవచ్చు. మూడు హెక్స్‌లు కదిలింది కాబట్టి కొట్టేవాడికి +1 కూడా పడుతుంది. రెండో టర్న్‌లో మామూలు నడకతోనే 4 పాయింట్లకు అవతల నేల మీదికి దిగుతుంది. శిఖరం మీదుగా అయితే మూడు టర్న్‌లు.

అట్లాస్ నడక 3, పరుగు 5. శిఖరం దారిలో మొదటి టర్న్‌లో లెవెల్ 2 ఎక్కి ఆగిపోతుంది. చేతిలో 2 పాయింట్లు మిగిలినా ఎక్కడానికి 3 కావాలి, కాబట్టి అవి వృథా. అదీ మూడు టర్న్‌లే, అదీ ఒక్కసారి కూడా ముఖం తిప్పకుండా. కనుమలో అయితే మొదటి టర్న్ పరుగు సరిగ్గా 5, రెండో టర్న్ 4. అంతే. అట్లాస్‌ని కనుమలోంచే తీసుకెళ్లండి. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

వెనక్కి నడవడం గురించి: వెనక్కి వెళ్లేటప్పుడు లెవెల్ మారకూడదు, పరుగూ కుదరదు. ఒక లెవెల్ వరకు ఒప్పుకునే ఐచ్ఛిక నియమం గేమ్ ఆప్షన్లలో ఉంది, కానీ అది ఆన్‌లో ఉంటేనే. దాన్ని నమ్ముకోకుండా, మెక్‌ని ఆపే ముందే దాని వెనక హెక్స్ అదే లెవెల్‌లో ఉందో లేదో చూసుకోండి. మీ కనుమలో లెవెల్ 2 హెక్స్‌లు పక్కపక్కనే రెండున్నాయి కదా, ఆ జత అందుకే విలువైనది. ముందు హెక్స్‌లోకి వెళ్లి కాల్చి, తర్వాతి టర్న్‌లో 1 పాయింట్‌తో ముఖం తిప్పకుండా వెనక్కి రావచ్చు.

జెట్‌లోడు

గ్రిఫిన్ సంగతి నేను చెప్తాను. అది నెమ్మదించడానికి కారణం వేడి. 1ఎన్‌లో సింగిల్ హీట్ సింక్‌లు (ఒక్కోటి టర్న్‌కి 1 వేడి చల్లార్చేవి) 12. ఐదు హెక్స్‌ల జంప్‌కి 5, పీపీసీకి (శక్తి ఫిరంగి) 10, ఎల్‌ఆర్‌ఎం10కి (దూరపు క్షిపణులు) 4. మొత్తం 19. సింక్‌లు 12 తీసేస్తే 7 మిగులుతుంది. వేడి 5కి చేరగానే నడకలో 1 పాయింట్ పోతుంది. నడక 5 కాస్తా 4, పరుగు 8 కాస్తా 6. చదునులో ఇది పెద్దగా తెలియదు. రెండు లెవెల్స్ ఎక్కాల్సిన చోట ఒక్క పాయింట్ తగ్గితే ఒక హెక్స్ మొత్తం పోయినట్టే.

జంప్ చేసిన టర్న్‌లో పీపీసీ ఒక్కటే కాల్చండి. 15 లోంచి 12 పోతే 3, నడకకు ఏ ఢోకా ఉండదు. వేడి వల్ల జంప్ దూరం తగ్గదు, అది వేరే లెక్క.

జంప్‌లో మధ్య హెక్స్‌ల ఎత్తుకు ఖర్చు లేదు, హెక్స్‌కి 1 పాయింటే. షరతు ఏమిటంటే, బయల్దేరిన చోటి కంటే ఎన్ని లెవెల్స్ పైకి వెళ్లొచ్చో అది జంప్ పాయింట్లను బట్టి ఉంటుంది. గ్రిఫిన్‌కి 5 ఉన్నాయి కాబట్టి లెవెల్ 4 శిఖరం మీదుగా ఒక్క టర్న్‌లో అవతల నేల మీదికి దిగగలదు. జంప్ 3 మాత్రమే ఉన్న షాడో హాక్ 2హెచ్ అయితే నేల మీంచి ఆ శిఖరం ఎక్కలేదు. దిగేచోట ముఖం ఎటు కావాలంటే అటు పెట్టుకోవచ్చు, ఖర్చు లేదు. ఐదు హెక్స్‌ల జంప్‌కి మిమ్మల్ని కొట్టేవాడికి +3, అంటే దూరానికి 2, జంప్‌కి 1. మీ గురికీ +3 పడుతుంది.

ఒక జాగ్రత్త: పొట్టి జంప్‌కి కూడా వేడి కనీసం 3. రెండు హెక్స్‌లు ఎగిరి శిఖరం మీద వాలితే దూరానికి ఏమీ రాదు, జంప్‌కి వచ్చే +1 ఒక్కటే మిగులుతుంది. ఎగిరితే పూర్తిగా ఎగరండి. కాళ్ల యాక్చుయేటర్‌కో (కాలిని కదిలించే భాగం) గైరోకో (నిలకడగా ఉంచే భాగం) దెబ్బ తగిలి ఉంటే వాలేటప్పుడు పైలటింగ్ రోల్ (పడిపోకుండా పాచికలు వేయడం) పడుతుంది, అప్పుడు నడవడమే నయం.

మూడోకన్ను

కాటపుల్ట్ గురించి ఎవరూ చెప్పలేదు. దాన్ని గుట్ట దాటించకండి. ఇవతల లెవెల్ 2 హెక్స్‌లో నిలబెడితే ముందున్న లెవెల్ 4 శిఖరం దాన్ని పూర్తిగా కప్పేస్తుంది, అవతల నేల మీద ఉన్నవాళ్లకు కనపడదు. మెక్ ఎత్తు రెండు లెవెల్స్, కాబట్టి దాని కంటే రెండు లెవెల్స్ ఎత్తున్న పక్క హెక్స్ పూర్తి అడ్డు. అక్కణ్నించి గ్రిఫిన్‌ని స్పాటర్‌గా (లక్ష్యాన్ని చూసి చెప్పేదిగా) పెట్టి ఎల్‌ఆర్‌ఎంలు పరోక్షంగా వేయండి. రెండు ఎల్‌ఆర్‌ఎం15లకు వేడి 10, సింక్‌లు 15. వేడి సమస్యే రాదు, మందుగుండు ఉన్నంతవరకు వేయొచ్చు.

అయితే పరోక్ష గురికి +1తో పాటు స్పాటర్ కదలిక కూడా కలుస్తుంది. గ్రిఫిన్ జంప్ చేసిన టర్న్‌లో కాటపుల్ట్ గురికి ఇంకో +3 పడుతుంది, క్షిపణులు దండగ. నడిస్తే +1 మాత్రమే. స్పాటర్ తనూ కాలిస్తే ఇంకో +1. అందుకని గ్రిఫిన్ ఒక టర్న్ ఎగిరి చోటు పట్టుకోవాలి, తర్వాతి టర్న్‌లో నడుస్తూ చూపించాలి. లక్ష్యం 6 హెక్స్‌ల లోపలికి వస్తే ఎల్‌ఆర్‌ఎంకి కనీస దూరం జరిమానా మొదలవుతుంది, అది కూడా చూసుకోండి.

గుట్టదాటు

చాలా థ్యాంక్స్. కనుమలో లెక్క ఇప్పుడు సరిగ్గా కుదిరింది. ఇంకొక్కటి: హంచ్‌బ్యాక్ కనుమ మొదట్లో, ఇవతలి లెవెల్ 1 హెక్స్‌లోనే ఆగితే? ముందు లెవెల్ 2 ఉంది కదా, చాటు దొరుకుతుందా?

హెక్స్‌లెక్క

దొరుకుతుంది, అది చాలా మంచి చోటు. ముందున్న హెక్స్ మీ కంటే సరిగ్గా ఒక లెవెల్ ఎత్తు కాబట్టి సగం చాటు వస్తుంది: కొట్టేవాడికి +1, కాళ్లకు పడాల్సిన దెబ్బలు మట్టికి తగులుతాయి. మీరు కొట్టేటప్పుడు అవతల లెవెల్ 0లో ఉన్నవాడికి ఇలాంటి చాటు రాదు, ఎందుకంటే మీరు వాడి కంటే ఎత్తులో ఉన్నారు. శత్రువు మీ కంటే పైనుంటే మాత్రం ఈ లాభం పోతుంది.

కానీ శత్రువు కనుమలోకి దూరి మీ ముందున్న లెవెల్ 2 హెక్స్‌లో నిలబడితే వెంటనే అక్కణ్నించి కదలండి. ఒక లెవెల్ పైనుంచి తన్నితే ఆ తన్ను గుద్దు పట్టిక (గుద్దు ఎక్కడ తగిలిందో పాచికతో తేల్చేది) మీద పడుతుంది. అందులో ఆరింట ఒకటి తల. తన్ను బలం బరువులో ఐదో వంతు, అంటే 60 టన్నుల మెక్‌కి 12. హంచ్‌బ్యాక్ తలకు కవచం 9, లోపల 3. ఒక్క తన్నుతో పైలట్ పోతాడు. తల తప్పినా, తన్ను తగిలినందుకు పడిపోకుండా పైలటింగ్ రోల్ వేయాలి. పైలటింగ్ 5 ఉంటే, వేరే జరిమానాలు లేకపోతే, రెండు పాచికల మీద 5 లేదా ఎక్కువ రావాలి. అది 36లో 30 సార్లు వస్తుంది. పడితే 5 పాయింట్ల దెబ్బ, లేవడానికి 2 పాయింట్లు, మళ్లీ ఒక రోల్. నడకలో మిగిలేది 2, అంటే ఆ కనుమలో ఒక లెవెల్ ఎక్కడమో దిగడమో ఒక్కసారి.

శత్రువు ఆ హెక్స్‌కి చేరేలోపే ఏసీ20 (హంచ్‌బ్యాక్ పెద్ద ఫిరంగి) పని కానివ్వండి. దాని దగ్గరి రేంజ్ 3 హెక్స్‌లు. మీరు లెవెల్ 1లో ఉంటే కనుమ అవతలి లెవెల్ 1 హెక్స్ సరిగ్గా మూడో హెక్స్ అవుతుంది. మీ చేతిలో ఉండేది ఆ ఒక్క టర్నే.