ఫోటో దిగేదొకరు, తీసేదొకరు

పోస్టు:
‘పెళ్లిలో ఫోటో దిగాం’ అంటాం. ఈ వాక్యంలో కర్త కెమెరా ముందు నిలబడ్డవాడు. కష్టపడి తీసిన మనిషి వాక్యంలోనే లేడు! హాల్‌టికెట్టుకీ, రేషన్‌కార్డుకీ కూడా దిగుతాం. ఆనవాలు పడితే చాలు, ఎవరు తీశారన్నది ఎవరికీ పట్టదు. అదే వానలో తడుస్తున్న గుడి గోపురం అయితే ‘గోపురం ఫోటో దిగింది’ అనం. ‘ఎవరు తీశారండీ?’ అని అడుగుతాం. ఫోటో ఆనవాలుగా ఉన్నన్నాళ్లూ ‘దిగు’, కళ అయ్యాక ‘తీయు’ అని నా అనుమానం. పెద్దలు చెప్పాలి.

వ్యాఖ్య:
మా దిక్కు దిగుడుతోపాటు ‘దించుడు’ గూడ ఉన్నదండి. ‘స్టూడియోల ఫోటో దించిండు’ అంటం. తీసేటాయన వాక్యంలకు వచ్చిండు గని ‘దిగు’ను ఇడిసిపెట్టలే. మీ లెక్కల ఇది యాడ పడ్తది?

వ్యాఖ్య:
దించుడు మంచి అడ్డుపుల్లే వేసింది. క్రియల్ని కాసేపు పక్కనపెట్టి ఫోటోగ్రాఫర్లకు దక్కిన బిరుదులు చూద్దాం. లాలా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివి ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో కుదురుకున్న ఉద్యోగి. 1874 ప్రాంతంలో కెమెరా పట్టాడు. సాంచి, గ్వాలియర్, ఖజురహో కట్టడాలను తీశాడు. ఏ స్తంభం ఎక్కడుంది, ఎంత శిథిలమైంది. అదంతా ఆనవాలు పనే. తర్వాత సికింద్రాబాదులో స్టూడియో పెట్టి ఆరో నిజాం కొలువులో చేరాడు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాదులో జనానా స్టూడియో తెరిస్తే, అక్కడ తీసేది కూడా ఆడమనిషే.

1894లో నిజాం ఆయనకిచ్చిన బిరుదు ‘ముసవ్విర్ జంగ్’. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ఫారసీలో ఫోటోగ్రాఫరుకు వేరే మాట ఉంది, ‘అక్కాస్’. అక్స్‌ని, అంటే ప్రతిబింబాన్ని, పట్టేవాడు. ఇరాన్ షా నాసిరుద్దీన్ తన ఆస్థాన ఫోటోగ్రాఫరు ఆగా రెజాకు ఇచ్చిన బిరుదు ‘అక్కాస్‌బాషీ’. టెహరాన్‌కు కనబడింది ప్రతిబింబం, హైదరాబాదుకు కనబడింది చిత్రం.

వ్యాఖ్య:
బిరుదును అంత గట్టిగా పట్టుకోకండి మాస్టారూ. ‘జంగ్’ అంటే యుద్ధం. దీన్ దయాళ్ ఏ యుద్ధం చేశాడు? పైగా ఎదురు ఉదాహరణ ఉంది. పారిస్‌లో యూజీన్ ఆట్జే పాత వీధులు, దుకాణాల అద్దాలు, మెట్ల కమ్మీలు తీసి చిత్రకారులకు అమ్ముకునేవాడు. ఆయన పెట్టుకున్న బోర్డు ‘కళాకారులకు దస్తావేజులు’. 1926లో ఫోటోగ్రాఫరు మాన్ రే చొరవతో, కలల్లాంటి కళను కోరుకునే సర్రియలిస్టుల పత్రిక ఆయన ఫోటో ఒకటి అట్టమీద వేసింది. ఇవి ఉత్త దస్తావేజులు, నా పేరు వేయొద్దన్నాడు ఆట్జే. మరుసటేడు పోయాడు. 1968లో ఆయన ఫోటోల్ని వేల సంఖ్యలో కొన్నది న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్! రాజు ఇచ్చిన పేరును బట్టీ కళ తేలదు, తను పెట్టుకున్న పేరును బట్టీ తేలదు.

వ్యాఖ్య:
జంగ్ ఆ కొలువులో చాలామందికి తగిలించే తోక. ముసవ్విర్ అలా కాదు, మనిషిని చూసి ఏరి పెట్టిన మాట. ఆట్జే సంగతి మాత్రం నాకు నచ్చింది. ఆయన ‘దస్తావేజు’ అన్నది వినయం అని చాలామంది అంటారు గానీ, అది ఆయన బతుకుతెరువు. కొనేవాళ్లకు కావలసింది అదే.

మన ‘ఛాయాచిత్రం’ ఏ పక్షమూ పట్టలేదు. ఛాయ అంటే నీడ, కాంతి, పోలిక. సంజ్ఞ పుట్టింటికి పోతూ సూర్యుడి దగ్గర తన బదులు నిలిపిన నకలు పేరే ఛాయ. (మొగుడే చాలాకాలం గుర్తుపట్టలేదట. ఏ పాస్‌పోర్టు ఫోటో అంత బాగా కుదిరింది?) అలాంటి నకలుకు పక్కన ‘చిత్రం’ చేర్చారు. సినిమావాళ్లు ఇంకో అడుగు వేసి ‘ఛాయాగ్రహణం’ అని తెరమీద పేరు వేశారు కాబట్టే ‘మాయాబజార్’ కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే మనకు తెలుసు. బడి గ్రూపు ఫోటో తీసినాయనకు దక్కింది అట్టకింద స్టూడియో ముద్ర.

వ్యాఖ్య:
సెల్ఫీ మాటేమిటండీ? మా పిల్లలు ‘సెల్ఫీ దిగుదాం’ అంటారు, పేపర్లో ‘సెల్ఫీ తీసుకుంటూ’ అని వస్తుంది. దించుడు కూడా ఉందా?

వ్యాఖ్య:
లేదండి, సెల్ఫీకి దిగుడే. దించాలంటే ఎదురుంగ ఇంకొకలు ఉండాలె.