వరద వస్తుందో రాదో తెలియకుండా పెన్నా మీద ఉన్న సోమశిల జలాశయాన్ని ముందే కొంత ఖాళీ చేయాలా?

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
2021 నవంబరులో సోమశిల దాదాపు నిండి ఉన్నప్పుడే పైనుంచి వరద వచ్చిపడింది. ఆ రోజుల్లోనే పెన్నాలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) వదలక తప్పలేదు. ఇక్కడ భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం మునిగాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. నీళ్లు తీశాక మా ఇంట్లో మొదట చేసిన పని, పిల్లల సర్టిఫికెట్లు ఒక్కొక్కటి విడదీసి ఫ్యాను కింద ఆరబెట్టడం. పెద్దాడి టెన్త్ మార్కుల లిస్టు మీద సంతకం ఇంకు మరకైపోయింది.

భూమి వేడెక్కేకొద్దీ కుంభవృష్టి పెరుగుతుందని శాస్త్రజ్ఞులు చెప్తూనే ఉన్నారు. అందుకని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ 78 టీఎంసీల (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) జలాశయంలో ఒక 10 టీఎంసీల జాగా ఖాళీగా ఉంచాలంటున్నాను. "ఈ ఏడాది వస్తుందని గ్యారంటీ ఏంది?" అంటున్నారు. గ్యారంటీ లేదు, అయినా ఉంచాలి. మీరేమంటారు?

కోవూరు రైతు:
అన్నా, మీ కష్టం కాదనను. అదే వరదకు నా నారుమడి మీద ఇసుక మేట వేసింది, గట్టెక్కడో కూడా తెలియలేదు. కానీ నీళ్లు సముద్రంలోకి వదిలేశాక వాయుగుండం ఇంకో వైపు పోతే ఎడగారుకు, అంటే రెండో పంటకు, నీళ్లెవరిస్తారు? కౌలు ముందే కట్టేసినవాళ్లున్నారిక్కడ. పైగా 5 లక్షల క్యూసెక్కులు ఒక్క రోజు వస్తే 43 టీఎంసీలు. మీ 10 టీఎంసీల జాగా ఐదారు గంటల్లో నిండిపోతుంది. రేపు వస్తుందో రాదో తెలియని దాని కోసం ఇవాళ కళ్లెదుట కనపడే నష్టం నేను పెట్టుకోవడం ఏం న్యాయం?

రిటైర్డ్ మాస్టారు (కావలి):
ఆ ఐదారు గంటలే కదా నాయనా, నిద్రలో ఉన్న కాలనీని లేపి బయటికి తీసుకురావడానికి కావలసింది!

తెలియదు అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. ఈ నవంబరులో వాన ఎంత పడుతుందో ఎవరూ చెప్పలేరు, నిజమే. భూమి వేడెక్కుతోందా అన్నది మాత్రం తేలిపోయిన సంగతి. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘం ఐపీసీసీ 2021 నాటి నివేదిక ప్రకారం అప్పటికే 1.1 డిగ్రీలు పెరిగింది. ఒక్కో డిగ్రీకి గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. ఇంకా ఎంత వేడెక్కుతుందన్న చోట అంచనాలు అటూఇటూ ఉన్నాయి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే 1.5 నుంచి 4.5 డిగ్రీలు పెరగొచ్చని 1979లో అన్నారు. 2021లో ఆ అంచనా 2.5 నుంచి 4 అయింది. నలభై ఏళ్లకు పైగా ఆగి చూస్తే ఎక్కువగా చెరిగిపోయింది మనం ఆశ పెట్టుకున్న తక్కువ వేడి వైపే. ఇంకా స్పష్టత రానీ అనేవాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. పూర్తి రుజువు లేదన్న సాకుతో చర్యలు వాయిదా వేయకూడదని 1992లో రియో ధరిత్రీ సదస్సులో దేశాలన్నీ ఒప్పుకున్నాయి కూడా.

జలాశయం నిండా పెట్టుకోవడమూ ఒక పందెమే. వాన రాదన్న ధీమా మీద కాస్తున్నాం, ఒడ్డుతున్నది ఒడ్డున ఉన్నవాళ్ల ఇళ్లు. పంట పోతే మళ్లీ వేసుకుంటాం, ఎంత అప్పయినా. మనిషి పోతే?

కందుకూరు కుర్రోడు:
అసలు సముద్రానికి ఎందుకు వదలాలి సార్? సోమశిల ఉత్తర కాలువ బాగుచేసి రాళ్లపాడు రిజర్వాయరుకు పంపండి. దక్షిణాన 68 టీఎంసీల కండలేరు జలాశయం ఉంది. మా పడమటి వైపు కనిగిరిలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవాళ్లున్నారు. వాళ్లు ఎదురుచూస్తున్న వెలిగొండ నీటి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1996లో. ఇంకో మాట. అమెరికాలో తలకు ఏడాదికి 14 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్, మన దేశంలో 2 టన్నులు. చేసిందెవరు, త్యాగం చేయమంటున్నది ఎవరిని?

రిటైర్డ్ మాస్టారు (కావలి):
అమెరికా సంగతి నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను, ఎక్కువ చేసినవాళ్లే ఎక్కువ కట్టాలి. కానీ వాళ్లు కట్టేదాకా పెన్నా ఆగదు. కాలువల మాట చాలా మంచిది, అయితే లెక్క చూడు. 10 వేల క్యూసెక్కుల కాలువ రోజంతా పారినా ఒక టీఎంసీ నిండదు. అంటే వాయుగుండం పేరు వినపడ్డాక తెరిస్తే లాభం లేదు. వాన సంగతి ఏమీ తెలియనప్పుడే, అక్టోబరు మొదట్లోనే మొదలుపెట్టాలి.

కోవూరు రైతు:
చెరువులకు, కండలేరుకు పంపుతామంటే నాకూ సమ్మతమే. కానీ వాన రాక ఎడగారు పోతే ఎకరాకు ఇంత ఇస్తామని ముందే జీవో రావాలి. పోయాక దరఖాస్తు పెట్టుకోమంటే కుదరదు. 2021లో పరిహారం భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకు పోయింది. సాగు చేసిన నాకు పైసా రాలేదు.

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
న్యాయమైన మాట. మా ఇళ్లు నిలబడటానికి మీరు నీళ్లు వదులుకుంటుంటే ఆ ఖర్చులో టౌను వాటా ఉండాల్సిందే. ఇంటి పన్ను మీద కొంత వేసినా నేను కడతాను. మా వీధిలో అందరూ ఒప్పుకుంటారని మాత్రం చెప్పలేను, పై అంతస్తుల వాళ్లకు ఆ వరద తగల్లేదు.

కోవూరు రైతు:
అయితే జీవోలో భూయజమాని పేరు కాకుండా సాగుదారు పేరు రాయించండి. అది రాస్తే మా కాలువ కింద కౌలుదారులతో నేను మాట్లాడతాను. రాయకపోతే ఒక్క టీఎంసీకి కూడా ఒప్పుకోం.