త్రిత్వం నైసియాలోనే పుట్టిందా? యూనిటేరియన్లు యేసును ఏమంటారు?

బ్రాడీపేట చదువరి, గుంటూరు:
అందరికీ వందనాలు. మా లూథరన్ సంఘంలో యవ్వనస్థుల బైబిల్ స్టడీకి వచ్చే నెల రెండు ఆదివారాలు త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే బోధ) మీద పెట్టుకున్నాం. పిల్లలు వీడియోలు చూసి రెండు మాటలు అడుగుతున్నారు. 325లో నైసియాలో కూడిన బిషప్పుల సభలో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఓట్లు వేయించి యేసును దేవుణ్ణి చేశాడట, నిజమేనా అని ఒకటి. యేసు దేవుడు కాదనే క్రైస్తవులంటే యెహోవాసాక్షులేనా అని రెండోది. గద్దించి కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. అవతలివాళ్లు విన్నా "అవును, మా మాట ఇదే" అనేలా చెప్పాలి. ఎక్కడ తప్పులు దొర్లుతాయో తెలిసినవాళ్లు చెప్పగలరా?

పటమట, విజయవాడ:
ముందు ఆ ఓట్ల మాట సరిచేయండి. నైసియాలో తగువు యేసు దేవుడా, మామూలు మనిషా అని రాలేదు. కుమారుడు లోకాలకు ముందే ఉన్నాడని, ఆయన ద్వారానే సృష్టి జరిగిందని, ఆ తగువుకు మూలమైన అలెగ్జాండ్రియా సంఘ పెద్ద అరియస్ కూడా నమ్మాడు. అయితే ఆయనకు ఆరంభం ఉంది, తండ్రి ఆయనను కలుగజేశాడు అన్నాడు. సభ దాన్ని తోసిపుచ్చి, కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని రాసింది. చివరిదాకా ఒప్పుకోనివాళ్లు లిబియా వైపు బిషప్పులు ఇద్దరే. అరియస్‌తోపాటు వాళ్లనూ వెళ్లగొట్టారు. బైబిల్లో ఏ పుస్తకాలుండాలో అక్కడే తేల్చారన్నది కూడా ఒట్టి మాట.

325తో పని అయిపోయిందనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. 337లో కాన్‌స్టంటైన్‌కు బాప్తిస్మమిచ్చిన నికొమీదియ యూసేబియస్ అరియస్‌ను వెనకేసుకొచ్చినవాడే. కొడుకు కాన్‌స్టాంటియస్ ఏలుబడిలో నైసియా పక్షం బాగా నలిగింది. 357లో సిర్మియంలో కూడిన బిషప్పులు అసలు "తత్వం" అన్న మాటే వాడొద్దన్నారు. 359లో అరిమినంలో, సెలూకియలో కూడినవాళ్లను, కుమారుడు తండ్రిని పోలినవాడు అనే మెత్తటి మాటకు ఒప్పించారు. నైసియా పక్షాన నిలిచిన అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ ఐదుసార్లు ప్రవాసం పోయాడు. 380లో చక్రవర్తి థియోడోసియస్ శాసనం, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ వచ్చాకే సామ్రాజ్యంలో విషయం స్థిరపడింది. చక్రవర్తుల ఒత్తిడి లేదని మాత్రం పిల్లలకు చెప్పకండి. ఉంది, రెండు వైపులా ఉంది.

ఒక పని చేయండి. 325 నాటి విశ్వాస ప్రమాణం, 381 నాటి ప్రమాణం ఒకే కాగితం మీద పక్కపక్కన ప్రింటు తీసి పంచండి. మొదటిదాంట్లో పరిశుద్ధాత్మను నమ్ముచున్నాము అన్న ముక్కతోనే ఆ భాగం ఆగిపోతుంది. జీవమిచ్చు ప్రభువనీ, తండ్రితోను కుమారునితోను కూడ ఆరాధింపబడువాడనీ వచ్చింది రెండోదాంట్లో. ఈ మధ్య 56 ఏళ్లలో ఏం జరిగిందో కళ్లకు కనబడుతుంది. ఆరాధనలో నైసీయ ప్రమాణం పేరుతో చెప్పుకునేది ఈ రెండోదే.

అలాగని అంతకుముందు ఏమీ లేదనీ అనలేం. 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమా అధికారి, క్రైస్తవులు క్రీస్తును దేవుడిగా ఎంచి పాడతారని చక్రవర్తి ట్రాజన్‌కు రాశాడు. అంతియొకయ ఇగ్నేషియస్ "మన దేవుడైన యేసు" అంటాడు. తెర్తుల్లియన్ 3వ శతాబ్దం మొదట్లోనే లాటిన్‌లో త్రిత్వం అనే మాట వాడాడు. కానీ ఆయనకు కూడా కుమారుడు తండ్రికి ఒక మెట్టు కిందే. సమానత్వం ఇంత గట్టిగా పలికింది 4వ శతాబ్దంలో.

కొత్తపేట, గుంటూరు:
నేను త్రిత్వం నమ్మనివాణ్ణి, అంటే యూనిటేరియన్ని, మా వైపు మాట నేను చెబుతాను బ్రదర్. మమ్మల్నందరినీ ఒకే గాటన కట్టకండి. ఒక్క ప్రశ్న వేస్తే తేడా తెలుస్తుంది: మరియ గర్భాన పడకముందు కుమారుడు ఉన్నాడా?

ఉన్నాడు, కానీ సృష్టింపబడ్డవాడు అంటే అరియస్ తోవ. యెహోవాసాక్షులు దీనికి దగ్గర. యేసే ప్రధానదూత మిఖాయేలు అనేది మాత్రం వాళ్ల ప్రత్యేక బోధ, అది మాకెవ్వరికీ అంటగట్టకండి. లేడు, కన్యకు పుట్టినప్పుడే ఆయన ఉనికి మొదలైంది, దేవుడు ఆయనను మృతుల్లోంచి లేపి ప్రభువుగా నియమించాడు అంటే 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు సొచీనస్ తోవ. పోలండులోని రాకోవ్ నుంచి 1605లో వచ్చిన ప్రశ్నోత్తరి ఈ బోధకు మూలస్తంభం. 1658లో అక్కడి ప్రభుత్వం ఆ బోధ నమ్మే సంఘాన్ని దేశం నుంచి వెళ్లగొట్టింది. అమెరికాలో 1961లో యూనిటేరియన్లు, అందరికీ రక్షణ ఉందనే యూనివర్సలిస్టులతో కలిసి ఏర్పడిన సంస్థ వేరే సంగతి. అందులో క్రైస్తవులు కానివాళ్లూ సభ్యులే.

"యేసు నామంలోనే బాప్తిస్మం" అనే పెంతెకొస్తు సంఘాలను కూడా మాలో కలిపేస్తుంటారు. వాళ్లూ త్రిత్వం ఒప్పుకోరు నిజమే, కానీ యేసే తండ్రి అంటారు. మేం తండ్రి ఒక్కడే దేవుడు, యేసు ఆయన కుమారుడు అంటాం. ఒకటికొకటి పూర్తిగా ఎదురు.

మా ఆధారాలు యోహాను 17:3, 1 కొరింథీయులకు 8:6, మార్కు 13:32, అపొస్తలుల కార్యములు 2:36. మాకు బరువైనవీ చదివించండి: యోహాను 1:1-3, యోహాను 20:28, ఫిలిప్పీయులకు 2:6-11. యోహానులో "ఆదియందు" అంటే సువార్త ఆరంభం అని సొచీనస్ చెప్పిన జవాబు నాకు నిలబడేదిగా కనిపించదు, మూడో వచనమే దానికి అడ్డం. వాక్యాన్ని దేవుని సంకల్పంగా చదివే ఇప్పటివాళ్ల జవాబు నయం.

ఇంకొకటి: క్రీస్తుకు ప్రార్థన చేయవచ్చా అన్నదానిమీద మాలోనే చీలిక ఉంది. సొచీనస్ చేయవచ్చన్నాడు. ట్రాన్సిల్వేనియాలో (ఇప్పటి రుమేనియా) యూనిటేరియన్ సంఘ నాయకుడు ఫెరెన్స్ డేవిడ్ కూడదన్నాడు, ఆ మాటకే 1579లో దేవ అనే ఊరి కోట జైల్లో చనిపోయాడు. ఆయన సంఘం మాత్రం ఈరోజుకీ అక్కడ బిషప్పుతో నడుస్తోంది.

బ్రాడీపేట చదువరి:
చాలా సంతోషం అండీ. 1 యోహాను 5:7 చూపించి ముగించేయవచ్చని మా పెద్దలొకరు అంటున్నారు. పనికొస్తుందా?

పటమట, విజయవాడ:
వద్దండీ, అక్కడే దొరికిపోతారు. తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అనే ముక్క ప్రాచీన గ్రీకు ప్రతుల్లో లేదు. గ్రీకు కొత్త నిబంధన అచ్చువేయించిన ఎరాస్మస్ 1516, 1519 ముద్రణల్లో పెట్టలేదు, 1522లో చేర్చాడు. అలా కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లోకి వచ్చింది. మన తెలుగు పాత అనువాదంలో సాక్ష్యమిచ్చువారు ఆత్మయు, నీళ్లును, రక్తమును మాత్రమే. పిల్లల ఫోన్లో ఇంగ్లీషు, చేతిలో తెలుగు ఉంటే రెండు నిమిషాల్లో తేడా బయటపడుతుంది. త్రిత్వం ఆ వచనం మీద నిలబడలేదు. 4వ శతాబ్దంలో గ్రీకు పితరులు అది లేకుండానే వాదించారు.

మీరు లూథరన్లు గనుక 1530 ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు (మీ సంఘాల విశ్వాస ప్రకటన) మొదటి అధికరణం తప్పక చదివించండి. అరియస్ అనుచరులతోపాటు పాత, కొత్త సమొసత వాళ్లనూ అక్కడ పేరుపెట్టి ఖండించారు. సమొసత పౌలు 268లో అంతియొకయ సభ తొలగించిన బిషప్పు, యేసు మనిషిగానే మొదలయ్యాడని బోధించాడని ఆయన మీద నేరం. త్రిత్వాన్ని కాదన్న సెర్వెటస్ సంగతి దాచకండి, 1553 అక్టోబరు 27న జెనీవాలో సజీవంగా కాల్చారు.

కొత్తపేట, గుంటూరు:
పిల్లలు ఇదంతా తెల్లవాళ్ల గొడవ అనుకోకుండా మన దేశం సంగతీ ఒక ఐదు నిమిషాలు చెప్పండి. మద్రాసులో విలియం రాబర్ట్స్ అనే తమిళుడు 1795లోనే యూనిటేరియన్ సంఘం పెట్టాడు. 1821లో కలకత్తాలో రామ్‌మోహన్ రాయ్‌తో కలిసి పనిచేస్తూ విలియం ఆడమ్ అనే బాప్టిస్టు మిషనరీయే త్రిత్వం వదిలేశాడు. ఖాసీ కొండల్లో హజోమ్ కిసోర్ సింగ్ 1887లో మొదలుపెట్టిన సంఘం ఇప్పటికీ ఉంది.

పటమట, విజయవాడ:
మరిచాను, అతనాసియస్ ప్రమాణాన్ని మొదటి ఆదివారం ముట్టుకోకండి. పేరు ఆయనదే గాని ఆయన రాసింది కాదు, ఆయన పోయిన చాలాకాలానికి లాటిన్‌లో పుట్టింది. 4వ శతాబ్దం చెబుతూ మధ్యలో దాన్ని తెస్తే వరస తప్పుతుంది. రెండో ఆదివారం, ఆగ్స్‌బర్గ్ తర్వాత తీయండి.