జెన్ ఎడ్ కోర్సులు ఎలా ఎంచుకోవాలి? మ్యాథ్స్ మేజర్, ఇల్లినాయ్

అందరికీ నమస్కారం. ఇంటర్ ఎంపీసీ అయ్యాక ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద బ్యాచిలర్స్ చదవడానికి ఈ మధ్యే ఇల్లినాయ్ వచ్చాను. లిబరల్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ కాలేజీలో మ్యాథ్స్ మేజర్ (అంటే ముఖ్య సబ్జెక్టు). ఓరియంటేషన్‌లో ఇచ్చిన కాగితంలో మేజర్ సంగతి చివర్లో ఉంది. దానికి ముందు జెన్ ఎడ్ (జనరల్ ఎడ్యుకేషన్, అంటే ఏ మేజర్ వాళ్లైనా చదవాల్సిన కోర్సులు) కింద రైటింగ్, హ్యుమానిటీస్, సోషల్ సైన్స్, ల్యాబ్‌తో సైన్స్, ఫారిన్ లాంగ్వేజ్ అని పెద్ద జాబితా. లెక్కలు చదవడానికి వచ్చినవాడికి ఇవన్నీ ఎందుకు? సీనియర్లేమో "సులువుగా 'A' గ్రేడ్ వచ్చేవి తీసుకో, మిగతావి కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల స్థానిక కాలేజీ) ఆన్‌లైన్‌లో లాగించెయ్" అంటున్నారు. వచ్చే వారమే రిజిస్ట్రేషన్. దయచేసి సలహా చెప్పండి.

*

తమ్ముడూ, స్వాగతం. నేను ఒక స్టేట్ యూనివర్సిటీలో అకడమిక్ అడ్వైజర్‌ని. మన పిల్లలు దాదాపు అందరూ మొదటి నెలలో అడిగే ప్రశ్నే ఇది.

మన దగ్గర పదో తరగతి అవగానే దారులు విడిపోతాయి. ఎంపీసీ తీసుకుంటే చరిత్ర పుస్తకం మళ్లీ తెరవక్కర్లేదు. ఇక్కడ ఆ పని డిగ్రీలోకి వచ్చాక, అదీ నెమ్మదిగా జరుగుతుంది. సెమిస్టర్ పద్ధతిలో డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు (ఒక్కో కోర్సు బరువుకి వేసే పాయింట్లు). అందులో మూడో వంతు అటూ ఇటూగా జెన్ ఎడ్, మిగతాది మేజర్, ఎలక్టివ్‌లు (మన ఇష్టానికి ఎంచుకునేవి).

వేరే రాష్ట్రంలో ఉన్న స్నేహితుడు చెప్పింది నీకు పనికిరాదు, ఇది గుర్తుపెట్టుకో. టెక్సస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో కోర్ 42 క్రెడిట్లు. అందులో 6 అమెరికా చరిత్రకు, 6 ప్రభుత్వ వ్యవస్థకు పోతాయి. బ్రౌన్ యూనివర్సిటీలో 1969 నుంచి ఇలాంటి జాబితానే లేదు. నీ కాలేజీ కేటలాగ్‌లో నువ్వు చేరిన సంవత్సరానికి ఏం రాసుంటే అదే నీకు వర్తిస్తుంది. ఆ పేజీ పీడీఎఫ్ ఇప్పుడే దాచుకో.

తర్వాత నీ స్టూడెంట్ పోర్టల్‌లో డిగ్రీ ఆడిట్ తెరువు. ఒక్కో వర్గం కింద ఎన్ని క్రెడిట్లు కావాలో, ఎన్ని అయ్యాయో, ఇంకా ఎన్ని మిగిలాయో వరసగా ఉంటుంది. వర్గం మీద నొక్కితే దానికి పనికొచ్చే కోర్సులు కనిపిస్తాయి. చాలామంది గమనించనిది ఒకటుంది: కొన్ని కోర్సులు రెండు వర్గాల్లో లెక్కకొస్తాయి. ఉదాహరణకు ఏ ఆసియా దేశాల చరిత్ర కోర్సో హ్యుమానిటీస్‌తో పాటు పాశ్చాత్యేతర సంస్కృతుల వర్గానికీ సరిపోవచ్చు. మీ కాలేజీ దాన్ని ఒప్పుకుంటే ఒక కోర్సు భారం తగ్గినట్టే. మేజర్‌కి చేసే క్యాలిక్యులస్ క్వాంటిటేటివ్ (లెక్కల) వర్గాన్ని మామూలుగా తీర్చేస్తుంది, దానికి ఇంకో కోర్సు వెతకొద్దు.

ఇక ఆన్‌లైన్ సలహా. ఇందులో వీసా సంగతి ఉంది, జాగ్రత్త. ఎఫ్-1 మీద బ్యాచిలర్స్ వాళ్లు ఫాల్, స్ప్రింగ్ టర్మ్‌లలో కనీసం 12 క్రెడిట్లు చదవాలి. వాటిలో పూర్తిగా ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, అంటే 3 క్రెడిట్ల వరకే లెక్కకు తీసుకుంటారు. మధ్యలో ఏ కోర్సైనా వదిలేసి 12 కంటే కిందకి వెళ్లాలంటే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే కాలేజీ అధికారి) అనుమతి తీసుకోవాలి. వదిలేశాక వెళ్లి చెప్తే కుదరదు. వేసవి సెలవుల్లో ఈ లెక్క లేదు కాబట్టి కమ్యూనిటీ కాలేజీ కోర్సు చేసుకోవాలంటే అప్పుడు చేసుకో, ఫీజూ తక్కువే. మీ ఇల్లినాయ్‌లో ఒక కాలేజీలో చేసిన కోర్సులు ఇంకో కాలేజీకి మార్చుకోవడానికి ఐఏఐ అని రాష్ట్రవ్యాప్త ఒప్పందం ఉంది. అందులో జెన్ ఎడ్ కోర్ ప్యాకేజీ 12 లేదా 13 కోర్సులు, 37 నుంచి 41 క్రెడిట్లు. ఆ ప్యాకేజీ మొత్తం పూర్తిచేసి వచ్చేవాళ్లకి దారి సులువు. నీలాగా విడిగా ఒకటీ అరా తెచ్చుకునేవాళ్లు అది ఏ వర్గంలో పడుతుందో ముందే మీ అడ్వైజర్‌ని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోవాలి. నోటి మాట మీద డబ్బు కట్టొద్దు.

*

అక్క నియమాలన్నీ చెప్పేశారు. నేనూ మ్యాథ్స్ మేజరే, ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాను. "సులువైనవి తీసుకో" అనే మాటతో నేను అస్సలు ఏకీభవించను.

రైటింగ్ కోర్సు వాయిదా వెయ్యకు. మొదటి సెమిస్టర్‌లో సీటు దొరికితే అప్పుడే తీసుకో. నా మొదటి వ్యాసంలో "అందరికీ తెలిసిన విషయమే" అని ఒక వాక్యం మొదలుపెట్టాను. ప్రొఫెసర్ దాని కింద గీత గీసి, పక్కన "ఎవరికి? నీకెలా తెలిసింది?" అని రాసిచ్చారు. ఆ డ్రాఫ్ట్ మూడుసార్లు తిరగరాయించారు. మూడో ఏడు రియల్ ఎనాలిసిస్‌కి వచ్చేసరికి ఆ అలవాటే నన్ను కాపాడింది. అక్కడ లెక్క చెయ్యడం తక్కువ, ప్రూఫ్ రాయడమే ఎక్కువ. ప్రతి అడుగుకీ కారణం చూపించాలి. ఇంటర్‌లో మనకి జవాబు రాబట్టడం బాగా నేర్పుతారు గానీ వాదన అల్లడం నేర్పరు. ఆ లోటు తీర్చేది ఈ కోర్సే. ఇంకో మాట: ఎక్కడి నుంచి తీసుకున్నా, సొంత మాటల్లో మార్చి రాసినా సరే, మూలం చెప్పాలి. ఇక్కడ దాన్ని చాలా తీవ్రంగా చూస్తారు.

ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్‌లో లాజిక్ కోర్సు ఉంటుంది, నీకు తప్పకుండా నచ్చుతుంది. అది ఏ వర్గంలో లెక్కకొస్తుందో ఆడిట్‌లో చూసుకో. సెమిస్టర్‌కి మేజర్‌వి రెండు, జెన్ ఎడ్‌వి రెండు చొప్పున కలిపి పెట్టుకో. జెన్ ఎడ్ అంతా మొదటి రెండేళ్లలో ఊడ్చేస్తే చివరి ఏడాది వరుసగా గట్టి మ్యాథ్స్ కోర్సులే మిగులుతాయి, ఊపిరాడదు.

*

ఇద్దరికీ చాలా థాంక్స్. రైటింగ్ కోర్సులో సీటుంది, ఇప్పుడే రిజిస్ట్రేషన్ కార్ట్‌లో పెట్టుకున్నాను. లాంగ్వేజ్ గురించి కూడా చెప్పగలరా? తెలుగు వచ్చు కదా, మినహాయింపు ఇస్తారా? పదో తరగతి దాకా తెలుగు చదివాను. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం.

*

అడుగు తమ్ముడూ, మొహమాటపడకు. ఇంగ్లిష్ కాని భాషలో స్కూలు చదువు ఉన్నవాళ్లకి చాలా కాలేజీలు మినహాయింపో, ప్రొఫిషియెన్సీ పరీక్షో పెడతాయి. పద్ధతి కాలేజీని బట్టి మారుతుంది. పదో తరగతి మార్కుల మెమోలో తెలుగు సబ్జెక్టుగా కనిపిస్తుంది కదా, దాని స్కాన్ జతచేసి అడ్వైజర్‌కి రాయి. పరీక్ష పెట్టేటట్టయితే తెలుగు చదివి దిద్దేవాళ్లు మీ క్యాంపస్‌లో ఉండకపోవచ్చు, బయటి నుంచి ఏర్పాటు చెయ్యడానికి టైం పడుతుంది. అందుకే ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టు. ఒకటి మాత్రం అడ్వైజర్‌ని స్పష్టంగా అడుగు: మినహాయింపుతో క్రెడిట్లు కూడా ఇస్తారా, లేక షరతు మాత్రమే తీరుతుందా? క్రెడిట్లు రాకపోతే 120 నింపడానికి ఆ ఖాళీలో వేరే కోర్సులు వేసుకోవాలి.